జాతి నుంచి రాజ్యం దాకా: జీవుల వర్గీకరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

పులీ పిల్లీ ఒకే కుటుంబం అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. టేకు చెట్టూ తులసి మొక్కా ఒకే కుటుంబం అంటే మాత్రం "అదెలా?" అని ఆగిపోతారు. ఈ పేజీకి వచ్చే ప్రశ్నల్లో చాలావరకు ఆ "అదెలా" దగ్గర పుట్టినవే.

వర్గీకరణ అంటే జీవులకు లాటిన్ పేర్లు పెట్టడమేనా?

అది సగం పనే. పేరు పెట్టడం ఒకటి, ఆ పేరున్న జీవిని దాని బంధువుల మధ్య సరైన చోట కూర్చోబెట్టడం మరొకటి. మొదటిదానికి చట్టంలాంటి నియమావళి ఉంది. ఏ పేరు చెల్లుతుంది, ఏది చెల్లదు అని అందులో చూసి చెప్పేయొచ్చు. రెండోదానికి అలాంటి చట్టం లేదు. ఆధారాలు, వాదనలు, చివరికి ఎక్కువమంది ఒప్పుకోవడం, అంతే. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలా గందరగోళం వస్తుంది.

మెట్లు ఎన్ని? ఏ వరుసలో?

పైనుంచి కిందికి: రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. విభాగాన్ని కొన్ని పుస్తకాల్లో తరగతి అంటారు, రెండూ ఒకటే. మొదటి అక్షరాలు వరసగా అంటే "రా వ వి క్ర కు ప్ర జా". అర్థం పర్థం లేదు కానీ నాలుగుసార్లు అంటే నోటికి పట్టేస్తుంది.

పులిని పట్టుకుని దిగుదాం. జంతు రాజ్యం, కార్డేటా వర్గం, క్షీరదాల విభాగం, కార్నివోరా క్రమం, ఫెలిడే కుటుంబం, పాంథెరా ప్రజాతి, పాంథెరా టైగ్రిస్ జాతి. ఇప్పుడు పులికి తోడుగా మిగతావాటినీ నడిపించండి. కప్ప వర్గం దాకా కలిసి వచ్చి విడిపోతుంది. మనిషి విభాగం దాకా వస్తాడు. కుక్క క్రమం దాకా వస్తుంది. ఇంటిపిల్లి కుటుంబం దాకా వచ్చి ఫెలిస్ ప్రజాతిలోకి తిరుగుతుంది. సింహం, చిరుత, జాగ్వార్, మంచు చిరుత మాత్రం ప్రజాతి దాకా పులితోనే ఉంటాయి. చూడ్డానికి చిరుతలా ఉండే చీతా ఈ గుంపులో లేదు. అది ఇంటిపిల్లి ఉన్న ఉపకుటుంబంలోకి పోతుంది.

మొదట్లో ఇన్ని మెట్లు లేవు. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1735లో వేసిన పట్టికలో ప్రధానంగా రాజ్యం, విభాగం, క్రమం, ప్రజాతి, జాతి మాత్రమే ఉన్నాయి. వర్గం అనే మెట్టును 1866లో ఎర్నెస్ట్ హేకెల్ తెచ్చాడు. కుటుంబం అనే మాట మొక్కలకు అంతకుముందే వాడుకలో ఉన్నా, స్థిరమైన మెట్టుగా కుదురుకున్నది లినేయస్ తర్వాతే. చోటు చాలనప్పుడు మధ్యలో ఉపకుటుంబం, అధికుటుంబం, ట్రైబ్ లాంటివి దూరుస్తారు. కీటకాల వాళ్లకు ఇవి లేకపోతే పొద్దు గడవదు.

ఒక చిన్న జాగ్రత్త. కార్నివోరా అంటే మాంసాహారులు అని అర్థం ఉన్నా, వెదురు నములుకుంటూ బతికే పాండా కూడా అందులోనే ఉంది. గుంపు పేరు చుట్టరికం చెబుతుంది కానీ తిండి చెప్పదు.

తెలుగులో "జాతి" అన్న మాటతోనే తికమకగా ఉంది. అసలు జాతి అంటే ఏమిటి?

తికమక న్యాయమే. ఆల్సేషియన్ జాతి కుక్క అంటాం, పక్షిజాతి అంటాం, మానవజాతి అంటాం. మొదటిది ఒక జాతిలోని పెంపుడు రకం, రెండోది ఏకంగా ఒక విభాగం, మూడోది ఒక్కటే నిజంగా శాస్త్రం చెప్పే జాతి. జీవశాస్త్రం పుస్తకంలో జాతి అని కనిపిస్తే, వరుసలో అట్టడుగు మెట్టు అని మాత్రమే అనుకోండి.

దాని నిర్వచనం దగ్గరికొస్తే, ఎక్కువమంది చెప్పేది ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చినది. ప్రకృతిలో తమలో తాము జతకట్టి పిల్లల్ని కంటూ, ఇతర గుంపులతో సంతానం కలుపుకోని గుంపు ఒక జాతి. గుర్రం, గాడిద కలిస్తే కంచరగాడిద పుడుతుంది, దానికి దాదాపు ఎప్పుడూ పిల్లలు పుట్టవు. కాబట్టి గుర్రం వేరు, గాడిద వేరు. ఇక్కడిదాకా బాగానే ఉంది.

ఇబ్బంది ఆ తర్వాతే. బాక్టీరియా జతకట్టదు, రెండుగా చీలిపోతుంది. శిలాజాలు జతకట్టాయో లేదో చూసినవాళ్లు లేరు. మొక్కలైతే జాతుల హద్దులు దాటి సంకరమైపోతుంటాయి, ఆ సంకరాలు మళ్లీ విత్తనాలు కూడా వేస్తాయి. అందుకే ఆకారం చూసేవాళ్లు, వంశవృక్షం చూసేవాళ్లు, డీఎన్ఏ తేడా లెక్కగట్టేవాళ్లు ఎవరి నిర్వచనం వాళ్లు వాడతారు. బాక్టీరియాలో రెండు జన్యుపటాలు దాదాపు 95 శాతం కంటే ఎక్కువ పోలితే ఒకే జాతి అనడం వాడుక అయింది. ఆ 95 ఎవరికో కలలో వచ్చిన అంకె కాదు, కానీ ప్రకృతి గీసిన గీతా కాదు.

నా ఉద్దేశంలో, ఇన్ని చిక్కులున్నా మొత్తం నిచ్చెనలో కాస్త నేల మీద నిలబడిన మెట్టు జాతే. పై మెట్లతో పోలిస్తే దానికి కనీసం ప్రకృతిలో ఒక పరీక్ష ఉంది.

అయితే కుటుంబం, క్రమం లాంటి పై మెట్లకు కొలత ఏమిటి?

కొలత లేదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇది చదవండి.

ఆఫ్రికాలో ఆర్డ్‌వార్క్ అనే జంతువు ఉంది. పొడుగాటి చెవులు, పందిలాంటి మూతి, రాత్రుళ్లు చీమలు, చెదలు తవ్వుకు తింటుంది. దానికి దగ్గర చుట్టాలెవరూ ఇప్పుడు బతికి లేరు. అందుకని ఆ ఒక్క జాతికి ఒక ప్రజాతి, ఒక కుటుంబం, ఒక క్రమం. అదే పక్కన పెంకుపురుగుల క్రమం చూడండి. పేర్లు పెట్టిన జాతులే దాదాపు 4 లక్షలు. రెండింటి మెట్టూ ఒకటే, "క్రమం". మొక్కల్లో గింకో చెట్టుది ఇంకా విడ్డూరం. బతికున్నది ఒక్క జాతి, దానికి వర్గంతో సమానమైన మెట్టు మొత్తం కట్టబెట్టారు.

జాతుల సంఖ్యను బట్టి కాదు, పోనీ వయసును బట్టా అంటే అదీ కాదు. ఒక కీటక ప్రజాతి వయసు ఒక క్షీరద కుటుంబం వయసు కంటే ఎక్కువ ఉండొచ్చు. పిట్టల వాళ్లు చిన్న తేడాకే ప్రజాతిని చీలుస్తారు, మరొక రంగంవాళ్లు వందల జాతుల్ని ఒకే ప్రజాతిలో ఉంచుకుని హాయిగా ఉంటారు. విడగొట్టేవాళ్లు, కలిపేవాళ్లు అని ఈ రంగంలో రెండు స్వభావాలు ఎప్పటినుంచో ఉన్నాయి, రెండూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

కాబట్టి "ఈ దేశంలో పక్షి కుటుంబాలు ఇన్ని, సాలీడు కుటుంబాలు అన్ని, కనుక ఇదే వైవిధ్యం" అని ఎవరైనా లెక్కలు చెబితే కాస్త ఆగి వినండి. ఒక్కో లెక్కలో కుటుంబం పరిమాణం ఒక్కోలా ఉంటుంది. చుట్టరికం నిజం. దానికి ఏ మెట్టు అని పేరు పెట్టాలన్నది మన సౌకర్యం.

మెట్ల పేర్లు కూడా శాశ్వతం కావు. 1862 నుంచి 1883 మధ్య విత్తన మొక్కల్ని వర్గీకరించిన బెంథామ్, హుకర్‌లు ఇప్పుడు మనం కుటుంబం అనేదాన్ని "సహజ క్రమం" అని రాశారు.

చుట్టరికాన్ని ఎలా నిర్ణయిస్తారు?

ఉమ్మడి పూర్వీకుణ్ని బట్టి. జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ 1950లో దీనికి పద్ధతి కట్టాడు. అతను అడిగింది ఒకటే: ఈ పోలిక ఎక్కడిది? పాతదా, కొత్తగా వచ్చిందా? అయిదు వేళ్లు ఉండటం చాలా పాత లక్షణం, బల్లికీ ఉంది మనిషికీ ఉంది, దానివల్ల ఇద్దరూ దగ్గరివాళ్లని చెప్పలేం. ఒక పూర్వీకుడిలో కొత్తగా పుట్టి, ఆ సంతానానికి మాత్రమే సంక్రమించిన లక్షణాలే సాక్ష్యం. అలా ఒక పూర్వీకుడు, అతని సంతానం మొత్తం కలిసిన గుంపును క్లేడ్ అంటారు. సంతానంలో ఎవరినీ వదిలిపెట్టకూడదు, బయటివాణ్ని లోపలికి తేకూడదు.

ఈ షరతుతోనే సరీసృపాల పాత విభాగం ఇబ్బందిలో పడింది. మొసలికి బల్లి కంటే పిచ్చుక దగ్గరి చుట్టం. మొసలినీ బల్లినీ ఒకచోట ఉంచి, పక్షుల్ని వేరే విభాగంగా బయట కూర్చోబెడితే ఒక ఇంటి పిల్లల్లో కొందరిని కావాలని లెక్క వదిలేసినట్టే. ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు పక్షుల్నీ సరీసృపాల్లోనే ఒక శాఖగా చూస్తారు. "చేప" పరిస్థితి మరీ అన్యాయం. ఊపిరితిత్తుల చేపకు సాల్మన్ కంటే ఆవు దగ్గర. వంశవృక్షం ప్రకారం చేపలు అనే గుంపు నిలవాలంటే ఆవునీ మనల్నీ కూడా చేపలే అనాలి.

డీఎన్ఏ రాకముందు అంతా తప్పేనా? తామర, కలువ సంగతి ఏమిటి?

అంతా తప్పు కాదు, కంటితో చూసి కట్టిన గుంపుల్లో చాలావరకు నిలిచాయి. కొన్నిచోట్ల మాత్రం బోల్తా పడ్డాం. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది తామర కథ.

రెండూ చెరువులో ఉంటాయి, రెండింటికీ గుండ్రటి పెద్ద ఆకులు, రేకులు రేకులుగా విచ్చుకునే పూలు. చాలాకాలం రెండింటినీ ఒకే కుటుంబంలో పెట్టారు. తీరా జన్యువులు చదివితే తామరకు దగ్గరి చుట్టం కలువ కాదు, నేల మీద పెరిగే ప్లేన్ అనే చెట్టు. ఆ చెట్టు ఉన్న ప్రోటియేల్స్ క్రమంలోకి తామర పోయింది. కలువ మాత్రం పూలమొక్కల వంశంలో చాలా ముందుగా విడిపోయిన పాత కొమ్మ మీద మిగిలింది.

నిజానికి తేడాలు కళ్లెదుటే ఉన్నాయి. చెరువు గట్టున కూర్చుని చూడండి. కలువాకు నీటిమీద పరుచుకుని ఉంటుంది, దాని అంచు నుంచి కాడ అతికిన చోటిదాకా కత్తిరించినట్టు ఒక చీలిక ఉంటుంది. తామరాకుకు చీలిక లేదు, కాడ సరిగ్గా మధ్యలో గొడుగుకర్రలా అతుక్కుంటుంది, పెద్ద ఆకులు నీటిపైకి లేచి నిలబడతాయి. తామరాకు మీద నీటిబొట్టు అని మనం ఊరికే అనలేదు, ఆకు మీద సన్నటి మైనపు బుడిపెలు బొట్టును అంటనివ్వవు. పువ్వు రాలాక తామరలో గరాటా ఆకారపు దిమ్మ మిగులుతుంది, దాని గుంటల్లో గింజలు ఒక్కొక్కటిగా కూర్చుంటాయి. కలువ కాయ నీటి అడుగున పండుతుంది. సూక్ష్మదర్శినిలో తామర పుప్పొడికి మూడు గాడులు కనిపిస్తాయి, మామిడీ మందారమూ ఉన్న పెద్ద గుంపు ముద్ర అది. కలువ పుప్పొడిలో ఆ ముద్ర లేదు.

ఒకేచోట బతికితే ఒకే తీరు రూపం వస్తుంది, చుట్టరికం లేకపోయినా. తిమింగలం చేపలా ఉన్నది ఇందుకే. దాని దగ్గరి బంధువు నీటిగుర్రం. ఆ నీటిగుర్రం గుర్రం కాదన్నది వేరే సంగతి.

దుమ్ములగొండి కుక్క జాతేనా?

కాదు. పిల్లుల వైపు జంతువు. ముంగిస, పునుగుపిల్లి దానికి కుక్క కంటే దగ్గర.

చెదలు చీమలా?

అసలే కాదు, అవి సంఘం కట్టిన బొద్దింకలు. చీమలది కందిరీగలు, తేనెటీగల క్రమం. చెదలకు ఒకప్పుడు ఐసోప్టెరా అని సొంత క్రమం ఉండేది. కర్ర తిని బతికే ఒక బొద్దింక ప్రజాతి వాటికి అతి దగ్గరి చుట్టమని తేలాక బొద్దింకల క్రమంలో కలిపేశారు. ఇలా ఒక క్రమం మొత్తం హోదా పోగొట్టుకుని లోపలి శాఖగా మారిపోయింది. చెదలకు జరిగిన నష్టమేమీ లేదు, తలుపులు తింటూనే ఉన్నాయి.

పేరు చివరి తోక చూసి మెట్టు చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. జంతువుల్లో "ఇడే" అని ముగిస్తే కుటుంబం: ఫెలిడే, కానిడే, హోమినిడే. "ఇనే" అయితే ఉపకుటుంబం. మొక్కల్లో "ఏసీ" కుటుంబం, "ఏల్స్" క్రమం: మాల్వేసీ, మాల్వేల్స్. పాతకాలపు కుటుంబాలు ఎనిమిదింటికి మినహాయింపు ఉంది. గడ్డి కుటుంబాన్ని పోయేసీ అన్నా గ్రామినే అన్నా, పొద్దుతిరుగుడు కుటుంబాన్ని ఆస్టరేసీ అన్నా కాంపోసిటే అన్నా నియమావళి ఒప్పుకుంటుంది.

పాంథెరా టైగ్రిస్ (లినేయస్, 1758) అని రాస్తారు. ఆ బ్రాకెట్ ఎందుకు? హోమో సేపియన్స్ పక్కన లేదేం?

మంచి ప్రశ్న, చాలామంది దీన్ని అలంకారం అనుకుంటారు. జంతువుల పేర్లలో ఆ బ్రాకెట్‌కు అర్థం ఉంది. ఆ జాతికి మొదట పేరు పెట్టినవాడు దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడని. లినేయస్ 1758లో పులికి పెట్టిన పేరు ఫెలిస్ టైగ్రిస్. తర్వాత పులిని పాంథెరాలోకి మార్చారు, గుర్తుగా బ్రాకెట్ పడింది. ఇంటిపిల్లి, ఫెలిస్ కాటస్, పెట్టిన చోటే ఉంది, కాబట్టి బ్రాకెట్ లేదు. మనిషీ అంతే. మొక్కల్లో ఇంకో అడుగు ముందుకేసి, బ్రాకెట్ తర్వాత మార్చినవాడి పేరు కూడా రాస్తారు.

ప్రజాతి పేరు పెద్ద అక్షరంతో, జాతి పేరు చిన్న అక్షరంతో మొదలుపెట్టాలన్న నియమం మన లిపికి వర్తించదు, మనకు పెద్దా చిన్నా లేవు. చేత్తో రాసేటప్పుడు గీత గీయడం, అచ్చులో వాలుగా వేయడం చాలు.

ఒక పేరు ఏ జీవిదో చివరికి తేల్చేది ఏది?

ఒక మ్యూజియంలోనో, ఎండబెట్టిన మొక్కల్ని దాచే హెర్బేరియంలోనో భద్రంగా ఉన్న నమూనా. దాన్ని టైప్ అంటారు. వర్ణన ఎంత బాగున్నా, ఎంత పేలవంగా ఉన్నా, పేరు అంటుకుని ఉండేది ఆ నమూనాకే. ఒక జాతిని రెండుగా విడగొడితే, టైప్ ఏ ముక్కలో పడితే పాత పేరు ఆ ముక్కది.

హెర్బేరియం షీటును దగ్గర్నుంచి చూస్తే ఈ పని ఎలా నడుస్తుందో తెలుస్తుంది. ఎండిన కొమ్మ, పక్కన సేకరించినవాడి చీటీ. దానిపైన పేరు. కొన్నేళ్ల తర్వాత ఇంకో నిపుణుడు వచ్చి "ఇది అది కాదు" అనుకుంటే పాత చీటీ చింపడు, కొట్టేయడు. పక్కనే కొత్త చీటీ అతికించి, తన పేరూ సంవత్సరమూ వేసి పోతాడు. ఒకే కొమ్మ కింద మూడు నాలుగు చీటీలు, ఒకరితో ఒకరు విభేదిస్తూ. నాకు ఇంతకంటే మర్యాదగా జరిగే తగాదా మరెక్కడా కనిపించలేదు.

మనిషికి టైప్ ఎవరంటే లినేయసే. మిగతా జంతువులకు లక్షణాలు రాసిన ఆయన మనిషి దగ్గరికొచ్చేసరికి "నిన్ను నువ్వు తెలుసుకో" అని వదిలేశాడు. 1959లో విలియం స్టెర్న్ ఆయన్నే టైప్‌గా ప్రకటించాడు.

పేర్లు మాటిమాటికీ ఎందుకు మారుస్తారు? మాకు టెన్షన్ పెట్టడానికా?

అలా అనిపించడంలో తప్పు లేదు. కారణాలు రెండు రకాలు. ఒకటి, చుట్టరికం గురించి కొత్త విషయం తెలియడం. టొమాటోను లినేయస్ 1753లో వంకాయ, బంగాళాదుంపల ప్రజాతి సొలానమ్‌లో పెట్టాడు. ఫిలిప్ మిల్లర్ దాన్ని విడదీసి లైకోపెర్సికాన్ అన్నాడు. రెండు శతాబ్దాలకు పైగా ఆ పేరు చెలామణీ అయ్యాక, జన్యువులు చూసి మళ్లీ సొలానమ్‌కే తెచ్చారు. జిల్లేడుది ఇంకో తీరు. దాని పాత కుటుంబం ఆస్క్లెపియడేసీ, గన్నేరు ఉన్న అపోసైనేసీలో కలిసిపోయింది. మొక్క పేరు మారలేదు, ఇంటి పేరు మారింది.

రెండో కారణం పూర్తిగా పేర్ల నియమాలది. ముందు పెట్టిన పేరుకే హక్కు. ఒత్నీల్ మార్ష్ 1877లో ఒక డైనోసార్ ప్రజాతికి అపటోసారస్ అని, 1879లో మరొకదానికి బ్రాంటోసారస్ అని పేరు పెట్టాడు. 1903లో రెండూ ఒకటేనని తేల్చారు, ముందు పేరే నిలిచింది. లోకమంతా బ్రాంటోసారస్ అంటున్నా శాస్త్రం వినలేదు. 2015లో ఒక పెద్ద పరిశీలన రెండూ వేరనడంతో ఆ పేరు మళ్లీ లేచింది.

ఒక్కోసారి మనుషుల గొడవా ఉంటుంది. అకేషియా ప్రజాతిని విడగొట్టాల్సి వచ్చినప్పుడు ఆ పేరు ఎవరికి మిగలాలన్నది పెద్ద తగువు. టైప్ మన నల్లతుమ్మది, కానీ జాతుల్లో ఎక్కువ భాగం, దాదాపు వెయ్యి, ఆస్ట్రేలియావి. 2005లో వియన్నా సమావేశం టైప్‌నే మార్చి పేరును ఆస్ట్రేలియా గుంపుకు ఇచ్చింది, 2011లో మెల్‌బోర్న్ సమావేశం దాన్నే ఖాయం చేసింది. నల్లతుమ్మ ఇప్పుడు వాచెల్లియా నైలోటికా. పేరుకు అసలు సొంతదారు అయిన చెట్టే పేరు పోగొట్టుకోవడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదంతా ఎవరు నిర్ణయిస్తారు?

పేర్ల విషయంలో జంతువులకు ఒక అంతర్జాతీయ కమిషన్ ఉంది, 1895లో మొదలైంది. మొక్కలు, శైవలాలు, శిలీంధ్రాలకు వేరే నియమావళి, దాన్ని వృక్షశాస్త్ర మహాసభల్లో సవరిస్తారు. బాక్టీరియాకు మూడోది, అక్కడ పేర్ల లెక్క 1980 జనవరి 1 నుంచి కొత్తగా మొదలుపెట్టారు. మొక్కల పేర్లకు 1753, జంతువుల పేర్లకు 1758 ఆరంభ సంవత్సరాలు, రెండూ లినేయస్ పుస్తకాల తేదీలే.

మూడూ వేర్వేరు కాబట్టి ఒక మొక్కకూ ఒక జంతువుకూ ఒకే ప్రజాతి పేరు ఉండొచ్చు. మోరస్ అంటే మల్బరీ చెట్టు, గానెట్ అనే సముద్రపక్షి కూడా. గొరిల్లా గొరిల్లా, నాజా నాజా లాంటి జంట పేర్లు జంతువుల్లో చెల్లుతాయి, మొక్కల్లో చెల్లవు.

కానీ ఏ ప్రజాతిని విడగొట్టాలి, ఏ కుటుంబాన్ని కలపాలి అని తీర్పు చెప్పే కోర్టు ఏదీ లేదు. పరిశోధనశాలల్లో వాడే పండు ఈగ, డ్రోసోఫిలా మెలనోగాస్టర్ సంగతే తీసుకోండి. ఆ ప్రజాతిని వంశం ప్రకారం విడగొడితే దీని పేరు సోఫోఫోరా అయిపోయే ప్రమాదం ఉంది. కాపాడమని కమిషన్‌ను అడిగితే 2010లో కుదరదంది. అయినా పరిశోధకులు డ్రోసోఫిలా అనే రాస్తున్నారు. అలవాటుకున్న బలం అంత.

పూలమొక్కల్లో మాత్రం ఏపీజీ అనే శాస్త్రవేత్తల బృందం 1998 నుంచి ఇస్తున్న పట్టికను ఎక్కువమంది పాటిస్తున్నారు. 2016 నాటి నాలుగో పట్టికలో 64 క్రమాలు, 416 కుటుంబాలు ఉన్నాయి. అదీ ఆజ్ఞ కాదు, మంచి మాట.

రాజ్యాలు ఎన్ని?

ఎవరిని అడుగుతున్నారు, ఎప్పుడు అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి. లినేయస్‌కు జీవుల్లో రెండు. 1969లో రాబర్ట్ విటేకర్ అయిదు చెప్పాడు, స్కూలు పుస్తకాల్లో ఎక్కువగా ఉన్నది ఇదే. కార్ల్ వూస్, జార్జ్ ఫాక్స్ 1977లో బాక్టీరియాలా కనిపించే జీవుల్లో పూర్తిగా వేరే వంశం ఉందని చూపించారు, ఇప్పుడు వాటిని ఆర్కియా అంటాం. 1990లో వూస్, మరో ఇద్దరు కలిసి రాజ్యాల పైన డొమైన్ అనే మెట్టు వేశారు: బాక్టీరియా, ఆర్కియా, కణంలో కేంద్రకం ఉన్న మిగతా జీవులన్నీ చేరే యూకేరియా. పుట్టగొడుగులు మొక్కల కంటే జంతువులకు దగ్గరని తెలిసింది కూడా ఈ దారిలోనే.

వైరస్‌లు ఈ పట్టికలో ఎక్కడ?

బయట. వాటికి వేరే అంతర్జాతీయ కమిటీ, వేరే నిచ్చెన. అన్నిటికీ ఒకే పూర్వీకుడు లేడు కనుక ఒకే చెట్టు గీయడం కుదరదు. జాతి పేరు రెండు మాటల్లో ఉండాలన్న పద్ధతి కూడా వాటికి ఈ మధ్యే వచ్చింది.

కుక్కల బ్రీడ్‌లు ఉపజాతులా?

కావు. ఉపజాతి అంటే ప్రకృతిలో ఒక ప్రాంతానికి పరిమితమై కాస్త తేడాతో ఉండే గుంపు. బ్రీడ్ మనిషి ఎంచి పెంచింది. కుక్కలన్నీ ఒకే జాతి, ఎత్తులో ఎంత తేడా ఉన్నా. కాబేజీ, కాలిఫ్లవర్, బ్రోకలీ కూడా అంతే, మూడూ బ్రాసికా ఒలరేసియా అనే ఒక్క జాతి.

మనిషి కోతుల కుటుంబమా?

వాలిడుల, అంటే తోకలేని పెద్ద కోతుల కుటుంబం. ఒకప్పుడు హోమినిడేలో మనుషుల్ని మాత్రమే ఉంచి, చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లను పాంజిడే అని పక్కన పెట్టారు. కానీ చింపాంజీకి గొరిల్లా కంటే మనిషే దగ్గర. సరీసృపాల్లో జరిగిన తప్పే ఇక్కడా. ఇప్పుడు అందరూ హోమినిడేలోనే ఉన్నారు.

మెట్లకు కొలతే లేనప్పుడు వాటిని తీసేయొచ్చు కదా?

తీసేద్దామని గట్టిగా అనేవాళ్లున్నారు. 2020లో అమల్లోకి వచ్చిన ఫైలోకోడ్ అనే నియమావళి క్లేడ్‌లకు మెట్టుతో సంబంధం లేకుండా పేరు పెడుతుంది. వాదన బలమైనదే. అయినా ఆచరణలో నేను పాత మెట్ల వైపే ఉంటాను. అడవిలో తెలియని మొక్క కనిపిస్తే ముందు "ఏ కుటుంబం?" అని అడుక్కుంటాం. ఆ ఒక్క జవాబుతో వెతకాల్సింది లక్షల నుంచి కొన్ని వందలకు దిగుతుంది. అంత పని చేసే మాటను వదులుకోవడం కష్టం.

పరీక్షలో టేకు కుటుంబం వెర్బినేసీ అని రాయాలా, లామియేసీ అని రాయాలా?

మీ పుస్తకం ఏ పద్ధతి చెబుతుందో దాని పేరు రాసి, అందులో ఉన్నది రాయండి. బెంథామ్, హుకర్ పద్ధతిలో వెర్బినేసీ, ఏపీజీలో లామియేసీ, అంటే తులసి కుటుంబం. రెండోది వింతగా అనిపిస్తే లేత టేకు కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలు తగులుతాయి. ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి. తర్వాత తులసి కాడను తిప్పి చూడండి. ఇక టెక్టోనా గ్రాండిస్ అన్న పేరు ఏ పద్ధతిలోనూ మారదు, 1782లో లినేయస్ కొడుకు పెట్టినది పెట్టినట్టే ఉంది.